ఆటగాండ్ర రెండవ పద్దు

రాయలసీమలో ఆటలకు కొదువ లేదు, ఆటస్థలములకే కొదువ. పాఠశాలల ఆవరణములందును, కోతలైన చేలయందును, నీరింకిన చెరువుగర్భములందును మన యువకులు బంతులాడుచునే యున్నారు. చైత్రమాసమున ఒంటిమిట్ట కోదండరామస్వామివారి ఉత్సవములకు నలుదెసల జనము చేరునట్లే, సంక్రాంతికిని, ఉగాదికిని, ఊరూరి తిరునాళ్ళకును కడప కర్నూలు జిల్లాల పల్లెలలో క్రికెట్టు, వాలీబాలు, చెడుగుడు పందెములును, ఎద్దుల బండలాగుడు పందెములును జరుగుచుండును. వీనిలో పెక్కింటిని నడుపువారు ధనికులు కారు. పదిమంది పడుచువాండ్రు కూడి, ఇంటింట చందా లెత్తి, బహుమానమున కొక దాతను ఒప్పించి, సున్నముతో గీతలు గీసి పందెము నిలుపుదురు. వారికి కచ్చేరి లేదు, జీతగాండ్రు లేరు. ఒక నోటుపుస్తకమును, అందొక జమాఖర్చు పద్దును మాత్రము కలవు. ఆ నోటుపుస్తకమున రెండవ పద్దొకటి తెరువవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము. అది బొగ్గుపులుసు వాయువు పద్దు.

ఈ పేరు విని పాఠకులు బెదరనక్కరలేదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలినపుడెల్ల ఒక వాయువు గాలిలో చేరుచున్నది. నేటి పాఠశాలలలో దానిని కార్బన్ డయాక్సైడ్ అనుచున్నారు. మన పూర్వపు శాస్త్రపుస్తకములు బొగ్గుపులుసు వాయువనెడివి. సూర్యుని వెలుగును ఇది భూమికి చేరనిచ్చును గాని, భూమినుండి మరలిపోవు వేడిమిని దుప్పటివలె అడ్డగించును. దుప్పటి మందమైనకొలది లోపలి వేడి హెచ్చును. ఒక మనుష్యుడుగాని, ఒక సంఘముగాని తన పనులవలన గాలిలోనికి విడుచు ఇట్టి వాయువుల మొత్తమునకే కర్బన పాదముద్ర యని పేరు. మనము నడచిన చోట మన అడుగుజాడ మిగులునట్లు, మనము కాల్చినదాని జాడ ఆకాశమున మిగులుచున్నది. లెక్కలు వ్రాయబడిన కాలములో 2024వ సంవత్సరమంత వేడి సంవత్సరము మఱియొకటి లేదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. యంత్రయుగమునకు పూర్వమున్న సగటుకంటె ఆ యేటి వేడిమి సుమారు 1.55 డిగ్రీలు అధికము.

ఒకటిన్నర డిగ్రీ యనగా స్వల్పమేకదా యని కొందఱనవచ్చును. అది భూగోళమంతటి సగటు. కడపలో నంద్యాలలో వేసవి మధ్యాహ్నమునకు దాని యర్థము వేరు. ఇచ్చట ఎండ స్వతస్సిద్ధముగానే 40 డిగ్రీలు దాటును; ఆపైన హెచ్చు ప్రతి డిగ్రీయు ఆడువాని గుండెమీదను, మూత్రపిండములమీదను పడు భారము. మన బాలురకు సెలవులు వేసవిలోనే, పందెములును వేసవిలోనే. పూర్వము ఉదయమున పదిగంటలవఱకును, సాయంకాలము నాలుగు మొదలును ఆడిన జట్లు ఇప్పుడా గడియలలో నిలువలేకున్నవి. కనుక ఆట రాత్రికి జరుగుచున్నది. రాత్రి యాటకు దీపములు కావలెను. దీపములకు జనరేటరు కావలెను. జనరేటరుకు డీజిలు కావలెను. ఎండకు వెఱచి చీకటిలోనికి పోయిన ఆట, ఆ ఎండనే పెంచు పొగను విడుచుచు సాగుచున్నది. ఈ చక్రమును గమనింపక, వాతావరణపు మాట మనకేల, అది ఢిల్లీలోను జెనీవాలోను పెద్దలు మాటలాడుకొను సంగతియని యుండుట మన యువకులకు హితము కాదు.

ఎండ యొక్కటియే కాదు, వానయును మారుచున్నది. 2021 నవంబరు 19న చెయ్యేటికి వచ్చిన వఱదను ఒంటిమిట్ట ప్రాంతమువారు ఇంకను మఱవలేదు. పింఛ కట్టయు, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టయు తెగి, రాజంపేట నందలూరు ప్రాంతపు గ్రామములు నీటిపాలయ్యెను. ప్రాణములు పోయినవి, ఇండ్లు పోయినవి, పంటచేలు ఇసుకమేటలైనవి. ఒక వఱదకంతకును ఒకే కారణము చెప్పుట న్యాయము కాదు. ఆనకట్టల సంరక్షణ సంగతి వేఱుగా విచారింపవలసినది. ఐనను, ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు నూటికి ఏడుపాళ్ళు అధికముగా తేమను మోయగలదనియు, అందువలన కుండపోత వానల తీవ్రత పెరుగుననియు శాస్త్రము చెప్పుచున్నది. నెలలకొలది చినుకు లేకుండుటయు, వచ్చిననాడు ఊరు తీసికొనిపోవుటయు రాయలసీమకు క్రొత్త కాదు. ఈ రెండును ముదురుటయే క్రొత్త.

ఇచ్చట నొక ఆక్షేపణము వచ్చును, అది బలమైనదే. లోకమును పొగతో నింపినవారు ఎవరు? మోటారుసైకిలుపై ఇద్దఱు కూర్చుండి పొరుగూరికి పోయి బంతియాడు ఒంటిమిట్ట కుఱ్ఱవాడా? మూలుగు నక్కమీద తాటికాయ పడినట్లు, బీదసంఘముల నెత్తిమీదనే ఈ బరువు మోపుటేల? ఈ ప్రశ్న న్యాయమైనది. పేరుగాంచిన క్రికెట్టు జట్లు ఒక నగరమునుండి మఱియొక నగరమునకు విమానములలో ఎగురుచున్నవి. 2023లో ఐ.పి.ఎల్. చివరి పందెములందు పరుగు రాని ప్రతి బంతికిని 500 మొక్కలు నాటింతుమని క్రికెట్టు మండలి ప్రకటించినది. మొక్కలు నాటుట పుణ్యకార్యమే. కాని పరుగు రాని బంతులను లెక్కించినంత శ్రద్ధతో ఎగిరిన విమానములను లెక్కించి జనులకు చెప్పియున్నచో ఆ పుణ్యము ఇంకను శోభించియుండెడిది. మొక్క పెరిగి పొగను పీల్చుటకు ఇరువదియేండ్లు కావలెను. విమానము విడుచునది ఆ గంటలోనే ఆకాశమున చేరును.

కావున మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. చిన్న సంఘములకు ఈ విషయమున ఆజ్ఞలు పంపుట అన్యాయము. సాయము పంపుట న్యాయము. పెద్దలు చేసిన అప్పును పిన్నలు తీర్పవలెనని మేము కోరము. పిన్నలు తమకు తెలియకయే చేయుచున్న అనవసరపు వ్యయమును మాన్పింపుడనియు, ఆ మాన్పుటకు కావలసిన చేయూతను ఇయ్యవలసినవారు ఇయ్యవలెననియు కోరుచున్నాము. ఏలయన, ఈ పద్దున తగ్గిన ప్రతి వీసెయు మొదటి పద్దున రూపాయగా మిగులును. బీదసంఘమునకు పొదుపు ఒక నీతివాక్యము కాదు, ప్రాణాధారము.

పద్దును తెరచి చూతము. క్రీడాసంఘముల లెక్కలు తీసిన దేశములందెల్ల తేలినదేమన, పొగలో పెద్దపాలు ఆటస్థలమున పుట్టదు. ఆటస్థలమునకు వచ్చు దారిలో పుట్టును. ఒక లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును; లీటరు డీజిలు కాలిన సుమారు 2.7 కిలోలు. కడపనుండి ఒంటిమిట్టకు పోయివచ్చుటకు దాదాపు 50 కిలోమీటర్లనుకొందము. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు మోటారుసైకిళ్ళపై పండ్రెండుమంది ఒక్కొక్కరుగా పోయిన 12 లీటర్లు, 28 కిలోలు. ఇద్దఱిద్దఱుగా పోయిన 6 లీటర్లు, 14 కిలోలు. లీటరుకు 12 కిలోమీటర్లు నడచు డీజిలు వ్యానులో పండ్రెండుగురును కూర్చుండిన 11 కిలోలు. ఏబదిమందితో నిండిన ఆర్.టి.సి. బస్సులో పోయిన, బస్సు విడుచు పొగలో ఈ పండ్రెండుమంది వంతు ఏడు కిలోలకు లోపే. అదియును వీరెక్కినను ఎక్కకున్నను ఆ బస్సు నడచియే తీరును. ఒకే ఆట, ఒకే జట్టు, ఒకే దారి. పొగ మాత్రము నాలుగింతల తేడా.

దీనికంటె పెద్ద తేడా పందెముల ఏర్పాటులో నున్నది. పదునాఱు జట్ల పందెమొకటి, ఓడినవారు తప్పుకొను పద్ధతిని, ఒకేచోట నడచెననుకొందము. పదునైదు ఆటలు జరుగును. జట్లు చేయు ప్రయాణములు ముప్పది. ఒక్కొక్క ప్రయాణము రాకపోకలు 50 కిలోమీటర్లనియు, జట్టుకాఱు మోటారుసైకిళ్ళనియు పట్టిన, 180 లీటర్ల పెట్రోలు, 400 కిలోలకు మించిన పొగ. అవే పదునాఱు జట్లను నాలుగు చుట్టుపట్లగా విభజించి, మొదటి పండ్రెండు ఆటలు ఇరుగుపొరుగూళ్ళలో, రాకపోకలు 16 కిలోమీటర్ల లోపల నడపి, కడపటి మూడాటలు మాత్రమే ఒకచోట నిలిపిన, 82 లీటర్లు చాలును. పొగ 190 కిలోలు. సగమునకు పైగా తగ్గినది! ఒక్క ఆట తగ్గలేదు, ఒక్క జట్టు తగ్గలేదు, ఒక్క దీపము మార్పలేదు. కాగితముమీద గీతలు మాత్రము మారినవి. లీటరు పెట్రోలు ధర వందరూపాయలకు పైబడియున్న ఈ దినములలో దాదాపు పదివేల రూపాయలు యువకుల జేబులలో మిగిలినవి.

ఇట్టి యేర్పాటు మన రాష్ట్రమున లేనిది కాదు. 2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరివఱకు రాష్ట్రప్రభుత్వము నడపిన ‘ఆడుదాం ఆంధ్రా’ పందెములను పాఠకులెఱుగుదురు. క్రికెట్టు, చెడుగుడు, కోకో, వాలీబాలు, బ్యాడ్మింటను ఆటలలో మొదట గ్రామ వార్డు సచివాలయముల మట్టమునను, పిదప మండలము, నియోజకవర్గము, జిల్లా యను మెట్లమీదను పందెములు జరిగి, కడపట విశాఖపట్టణమున రాష్ట్రపు పోటీలు ముగిసినవి. ఆ కార్యక్రమముయొక్క గుణదోషములు రాజకీయపక్షములవారు వాదించుకొనిరి. ఆ వాదము మా విషయము కాదు. మేము చూచునది మెట్లను. ఆడినవారిలో అధికసంఖ్యాకులు స్వగ్రామము విడువకయే ఆడిరి. గెలిచినవాడే దూరము పోయెను. పొగను తగ్గింపవలెనని ఎవ్వరును తలపెట్టకున్నను, ఆ పద్ధతియే తగ్గించినది. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిన సామెతలో బుద్ధియే కాక పొదుపును గలదని ఇప్పుడు తెలియుచున్నది.

ఇక దీపముల సంగతి. వేయి వాట్ల పాతరకపు దీపములు ఎనిమిది, రాత్రి ఐదుగంటలు వెలిగిన 40 యూనిట్ల కరెంటు. జనరేటరుతో వెలిగించిన సుమారు 13 లీటర్ల డీజిలు, 35 కిలోల పొగ. చెవులు చిల్లులుపడు మోత అదనము. కరెంటు కంపెనీ తీగలనుండి తీసికొనిన, దేశమున సగటున యూనిటుకు సుమారు 0.7 కిలో చొప్పున 28 కిలోలు. నాలుగువందల వాట్ల ఎల్.ఇ.డి. దీపములు అంత వెలుతురునే ఇచ్చును. వానికి 16 యూనిట్లు, 11 కిలోలు చాలును. పదిరాత్రుల పందెమున జనరేటరు 350 కిలోలు విడుచుచోట, క్రొత్తదీపములు తీగలపై 112 కిలోలు మాత్రమే విడుచును. 130 లీటర్ల డీజిలు ఖర్చు, జనరేటరు అద్దె, రెండును మిగులును. ఈ మిగులుతో క్రొత్తదీపముల ధరలో ఎంత తీరునో ఏ సంఘపు కోశాధికారియైనను వ్రేళ్ళపై లెక్కించుకొనగలడు. నాలుగు గ్రామముల సంఘములు కలిసి ఒక్క దీపముల జత కొని వంతులవారీగా వాడుకొనిన భారము ఇంకను తేలిక.

రాయలసీమవారికి ఈ విషయమున ఒక ప్రత్యేకత గలదు. కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల ముద్దనూరు ప్రాంతమున 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచుచున్నది. ఆ బొగ్గు సుదూరమునుండి రైళ్ళలో రావలెను. కర్నూలు సీమలోనో, 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017నుండి ఎండనే కరెంటుగా మార్చుచున్నది. కడప జిల్లా మైలవరమునందును అట్టి పార్కు వెలసినది. మనలను కాల్చు ఎండయే మనకు దీపము పెట్టగలదని ఇంతకంటె నిదర్శనము కావలెనా? పాఠశాల మిద్దెపై మూడు కిలోవాట్ల సౌరఫలకములు నిలిపిన దినమునకు సుమారు 12 యూనిట్లు వచ్చును. పైన చెప్పిన పదిరాత్రుల పందెమునకు కావలసిన 160 యూనిట్లను ఆ ఫలకములు పదునాలుగు దినములలో సంపాదించును. తక్కిన దినముల కరెంటు పాఠశాలదే. పగలు తీగలలోనికి పంపి, రాత్రి తీసికొని, తేడాకు లెక్కచూచు పద్ధతి ఇప్పటికే అమలులో నున్నది.

అయినచో పల్లెలలోని సంఘములు ఈ పని ఏల చేయుట లేదు? మూలధనము లేక. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ‘పి.ఎం. సూర్యఘర్’ పథకము క్రింద మూడు కిలోవాట్లు పెట్టుకొను గృహస్థునకు 78,000 రూపాయల సహాయము లభించుచున్నది. అది ఇండ్లకు ఉద్దేశింపబడినది; ఊరి యాటస్థలమునకు ఇల్లు లేదు. ఇంటి యజమానికి దొరకు చేయూత, నూఱుమంది పిల్లలాడు మైదానమునకు దొరకకుండుట సబబుగా లేదు. గ్రామపాఠశాలలను, వానితో చేరిన ఆటస్థలములను గూడ ఇట్టి సహాయమునకు పాత్రములుగా చేయవలెనని మేము ప్రభుత్వములను కోరుచున్నాము. అంతవఱకు, పందెములకు తాత్కాలిక కనెక్షను కోరు సంఘములకు జాప్యము లేక, తగు ధరకు, దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారు కరెంటు ఇచ్చినచో జనరేటరుల అవసరమే పెక్కుచోట్ల తప్పును.

పద్దున మూడవ వరుస సామగ్రిది. ఇది పొగలో చిన్నపాలే గాని కంటికి కనబడునది. పందెము ముగిసిన మఱునాడు మైదానమున నీళ్ళ ప్యాకెట్లును, ప్లాస్టిక్ గ్లాసులును, చినిగిన ఫ్లెక్సీలును గాలికి తిరుగుచుండును. కొన్ని మేకల కడుపులలో చేరుచున్నవి. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెరములు మొదలగు ఒక్కసారి వాడి పాఱవేయు వస్తువులు దేశమంతటను 2022 జూలై 1నుండి నిషిద్ధములు. చట్టము పుస్తకమున నున్నది. మైదానమున చలివేంద్రము వెలసినపుడే అది అమలగును. దాహమునకు నీరిచ్చుటను దానములలో గొప్పదిగా నెంచిన సీమ మనది. వేపచెట్టు క్రింద నాలుగు కడవలు, రెండు చెంబులు, ఒక కుండ మజ్జిగ, పది సంఘములకు తెలిసిన ఈ యేర్పాటును ప్యాకెట్ల బస్తా యెట్లు ఓడించినదో ఆలోచింపవలెను.

చొక్కాల సంగతియు నట్లే. ప్రతి పందెమునకును క్రొత్తరంగు చొక్కాలు, వానిపై దాత పేరు. ఆ గుడ్డ పెట్రోలియమునుండి తీసిన నూలు. చెమటను పీల్చదు, మట్టిలో కలియదు. ఏటికొక జత చాలునని సంఘములు నియమము చేసికొనిన దాతకు నష్టము లేదు. ఫ్లెక్సీకి మారు గుడ్డపై వ్రాయించిన బోర్డు పదేండ్లు పనికివచ్చును. ఊరి పెయింటరుకు కూలియు దొరకును. గెలిచినవారికి రేకు కప్పులకు బదులు నేతవస్త్రములు బహూకరించిన, మాధవరమువంటి చేనేత గ్రామములు పొరుగుననే యున్నవి. గెలిచిన జట్టు నాయకుని భుజముమీద పొరుగూరి నేతగాని పనితనము కనబడుట మన ప్రాంతమునకు రెండింతల గౌరవము కాదా?

నేలను గూర్చి ఒక మాట. టెలివిజనులో పచ్చని తివాచివంటి మైదానములను చూచి, మన యూరికిని అట్టిది కావలెనని కొందఱు దాతలు ఉబలాటపడుచున్నారు. పులిని చూచి నక్క వాతపెట్టుకొనరాదు. పచ్చిక బ్రదుకుటకు వేసవిలో నీరు కావలెను. నీటికి బోరు, బోరుకు మోటారు, మోటారుకు కరెంటు. త్రాగునీటికి బిందెలు వరుసగట్టు చోట మైదానమునకు నీరు చల్లుట చూచువారికే కష్టము. చదునుచేసిన ఎఱ్ఱమట్టి నేలయు, ఆటచోట పఱచు చాపయు మన వాతావరణమునకు తగినవి. ఆ నీటిలో నొకపాలు మైదానపు అంచున వేప, కానుగ, చింత మొక్కలకు మూడేండ్లు పోసిన, నాలుగవ యేటనుండి అవి తమంతట తాము బ్రదుకును. చూచువారికి నీడ, ఆడువారికి చల్లగాలి. నీడయున్నచోట సాయంకాలపు ఆట ఒక గంట ముందు మొదలుపెట్టవచ్చును. ముందు మొదలైన ఆటకు దీపము ఒక గంట తక్కువ.

దేశాంతరములందు జరుగుచున్నది కొంచెము తెలిసికొనుట మంచిది. 2018 డిసెంబరులో పోలండు దేశపు కటోవిట్సె నగరమున జరిగిన వాతావరణ మహాసభయందు, ఐక్యరాజ్యసమితి పక్షమున క్రీడాసంస్థలకొక ఒడంబడిక సిద్ధము చేయబడినది. దానిలో చేరిన సంస్థలు 2030 నాటికి తమ పొగను సగమునకు తగ్గించి, 2040 నాటికి నికరముగా సున్నకు తేవలెనను లక్ష్యము పిదప ఏర్పడినది. ఇంగ్లండులో నెయిల్స్‌వర్త్ అను చిన్నయూరి ఫుట్‌బాల్ జట్టు ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ ఈ విషయమున పేరుపొందినది. వారి మైదానపు కప్పుపై సౌరఫలకములు కలవు. పచ్చికకు రసాయనిక ఎరువులు వాడరు. ఆటచూడవచ్చినవారికి శాకాహారమే వడ్డింతురు. 2018లో ఆ జట్టునకు ఐక్యరాజ్యసమితి కర్బనతటస్థమని గుర్తింపు నిచ్చినది. అది జీతములిచ్చు జట్టు, ధనవంతుడైన యజమాని గలది; వారు కొన్నదెల్ల మనము కొనలేము. కాని పెద్దనగరపు పెద్దజట్టు చేయలేనిది చిన్నయూరి జట్టు మొదట చేసి చూపెనను సంగతి మనకు ధైర్యము నీయవలెను.

నిజమునకు మన పల్లెటూరి యాటలు వారికి నేర్పగలిగినదియు కలదు. చెడుగుడునకు కావలసినది నేలయు, ఊపిరియు. కోకోకు రెండు గుంజలు. గోటీబిళ్ళకు రెండు కట్టెముక్కలు. వెన్నెలరాత్రులలో ఈ యాటలాడిన తరములకు జనరేటరు మోత తెలియదు. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణము నేటికిని వెన్నెలరాత్రియందే జరుగుచున్నది. క్రికెట్టును మానుడని మేమనము. యువకులు కోరిన యాటను యువకులు ఆడుదురు. క్రికెట్టుకు ఖర్చగు ధనములో, శ్రద్ధలో కొంతపాలైనను ఈ తేలిక యాటలకు జిల్లా సంఘములు కేటాయింపవలెనని మాత్రము కోరుచున్నాము.

ఇక ఎవరెవరు ఏమి చేయవలెనో వేర్వేఱుగా చెప్పి ముగింతుము.

జిల్లా క్రీడాసంఘములవారు పందెముల పట్టికను వేయునపుడు పటమును ఎదుట పెట్టుకొనవలెను. మొదటి ఆటలు పొరుగూళ్ళ మధ్య, కడపటి ఆటలు మాత్రమే జిల్లా కేంద్రమున. ఏప్రిలు మే నెలల పందెములలో సాధ్యమైనన్నింటిని దసరా సంక్రాంతి సెలవులకు మార్పవలెను. చలికాలపు పగటివెలుగునకు వెల లేదు.

ఆర్.టి.సి. వారు కోదండరాముని కల్యాణమునకు ప్రత్యేక బస్సులు నడపుచున్నారు. ఆ సామర్థ్యము వారికి కలదు. పందెముల దినములలో జట్లకు తగిన వేళలో పల్లెవెలుగు బస్సొకటి సర్దుట అసాధ్యము కాదు. 2025 ఆగస్టు 15న ఆరంభమైన ‘స్త్రీశక్తి’ పథకముచే మన రాష్ట్రపు బాలికలకు ఆ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. దూరపు ఖర్చునకు వెఱచి ఇన్నాళ్ళు పిల్లలను పంపని తల్లిదండ్రులకు ఇది మంచి అవకాశము. పొగ తగ్గు ఉపాయమే ఆడుపిల్ల ఆటస్థలమునకు వచ్చు ఉపాయముగా మారుట మిక్కిలి సంతోషకరము.

దాతలు తమ పేరు ఎచ్చట కనబడవలెనో మఱల ఆలోచింపవలెను. ఒక్కరాత్రి ఫ్లెక్సీపై కంటె, పదేండ్లు వెలుగు దీపస్తంభముమీద, పాఠశాల మిద్దెపైనున్న ఫలకముమీద, చింతచెట్టు క్రింది అరుగుమీద ఆ పేరు ఎక్కువకాలము నిలుచును.

సంఘముల యువకులు నోటుపుస్తకమున రెండవ పద్దు తెరువవలెను. పెద్ద చదువు అక్కరలేదు. పందెమునకు కాలిన పెట్రోలు ఎన్ని లీటర్లు, డీజిలు ఎన్ని లీటర్లు, కరెంటు ఎన్ని యూనిట్లు, వంటకు గ్యాసు ఎన్ని సిలిండర్లు. ఈ నాలుగంకెలు చాలును. పెట్రోలును 2.3చేతను, డీజిలును 2.7చేతను, యూనిట్లను 0.7చేతను, ఇంటి సిలిండరును 42చేతను హెచ్చవేసి కూడిన వచ్చునది ఆ పందెపు బొగ్గుపులుసు మొత్తము, కిలోలలో. ఏడవతరగతి బాలుడు కట్టగల లెక్క. ఆ మొత్తమును గ్రంథాలయపు గోడపై, గెలిచిన జట్టు పేరు ప్రక్కన, వ్రాసి అంటింపుడు. మఱుసటి యేడు దాని క్రింద రెండవ అంకె వ్రాయుడు. పరుగులలో పందెమాడు యువకులు ఈ యంకెలో గూడ పొరుగూరితో పందెమాడరా? తక్కువ వచ్చినవాడు గెలుచు పందెము ఇదొక్కటియే.

గ్రంథాలయములందు పత్రికలు చదువు పెద్దలకును ఒక విన్నపము. మీ యూరి సంఘమువారు చందాకు వచ్చినపుడు మొదటి పద్దును అడిగి చూచుట మీకలవాటు. రెండవదానిని గూడ అడుగుడు. లేదనిన కసరవలదు, కూర్చుండబెట్టి మొదటి పుట మీరే గీసి యిండు.

ఈ లెక్కలవలన భూగోళపు జ్వరము మఱునాడే దిగునని మేము భ్రమింపము. ఒక పందెమున మిగులు రెండువందల కిలోలు, ఒక పెద్ద విద్యుత్కేంద్రము రెప్పపాటులో విడుచు పొగకు సరితూగవు. కాని పెద్దవారిని లెక్క అడుగు అధికారము, తన లెక్క చూపగలవానికే బలముగా నుండును. తమ పద్దు గోడపై వ్రాసికొన్న పల్లెటూరి యువకులు, రేపు విమానములలో తిరుగు జట్లను, వానిని నడపు మండలులను, మీ పద్దు ఎక్కడ యని అడిగిననాడు, ఆ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ తప్పించుకొనుట ఎవరికిని సులభము కాదు. ఆ ప్రశ్న ఒంటిమిట్ట మట్టినేలనుండి బయలుదేరవలెనని మా కోరిక.